మీకు తెలుసా? జానెడు ఇంజన్‌లో గుత్తి షెడ్డు గొంతు

ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ రైలు కూత కొత్త. నంద్యాల–ఎర్రగుంట్ల లైను 1996–97లో మంజూరైంది. 123 కిలోమీటర్ల ఆ దారిలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ప్యాసింజరు బండి తిరగడం మొదలయింది మాత్రం 2016 ఆగస్టులో. అప్పటిదాకా ప్రొద్దుటూరోళ్లు రైలెక్కాలంటే పెన్న దాటి ఎర్రగుంట్లకు పోవాల్సిందే. ఎర్రగుంట్లది పాత కథ. మద్రాసు రైల్వే వాళ్లు అరక్కోణం నుంచి కడప మీదుగా వేసుకుంటూ పోయిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన పట్టాలను కలిశాయి. ఆవిరి ఇంజన్, ఆల్కో డీజిల్, జనరల్ మోటార్స్ (జీఎం) డీజిల్, కరెంటు ఇంజన్ వరసగా ఆ స్టేషన్ దాటిపోయాయి. పులివెందులకు ఈరోజుకీ పట్టాల్లేవు.

ఊరికి పట్టాలున్నా లేకున్నా, రైలు మోడళ్లు కట్టే యువకులు ఇప్పుడు దేశమంతటా ఉన్నారు. ఫోమ్ షీట్లు కోసి, రంగులేసి, చిన్న మోటారు పెట్టి మన ఇంజన్లనే తయారుచేస్తున్నారు. కానీ రంగుకూ కిటికీ ఊచలకూ పెట్టే శ్రద్ధలో సగం కూడా చాలామంది ధ్వనికి పెట్టరు. నా మటుకు నాకు ధ్వనే ముందు. ఇంజన్ ఆకారాన్ని ఫొటోలు, కొలతలు చూసి ఎప్పుడైనా కట్టుకోవచ్చు. ఇంజన్ తుక్కుకు పోయాక దాని గొంతును ఎక్కడి నుంచి తెస్తాం? బ్రాడ్‌గేజి లైన్లన్నీ దాదాపుగా కరెంటుకు మారిపోయిన ఈ రోజుల్లో డీజిల్ ఇంజన్ల గొంతు వినపడే చోట్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి.

మీకు తెలుసా? పాతకాలపు మోడల్ రైలు ఆగితే మూగబోయేది. అందులో పట్టాలకిచ్చే వోల్టేజీయే వేగం. వోల్టేజీ పెంచితే పరుగు, తగ్గిస్తే నడక, సున్నా చేస్తే ఆగడం. ఆగినప్పుడు కరెంటే ఉండదు కాబట్టి ధ్వనికీ చోటు లేదు. నిజం డీజిల్ ఇంజన్ చూడండి, స్టేషన్లో నిలబడినప్పుడూ గట్టిగానే వినిపిస్తుంది. ప్లాట్‌ఫారం మీద మాట వినపడనివ్వని ఆ గుడగుడలు మోడల్‌లో రావాలంటే పట్టాల్లో ఎప్పుడూ కరెంటు ఉండాలి. వేగం ఎంతో, కూత ఎప్పుడో ఆ కరెంటు మీదే వేరుగా కబురు పోవాలి. డిజిటల్ కమాండ్ కంట్రోల్, పొట్టిగా డీసీసీ, చేసే పని ఇదే. జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతి దీనికి మూలం. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1994లో దాన్ని ప్రమాణంగా తీసుకుంది. అందుకే ఒక కంపెనీ కంట్రోలరు ఇంకో కంపెనీ ఇంజన్‌తో మాట్లాడగలుగుతోంది.

ఆ కబురు వెళ్లే తీరు తెలిస్తే ముచ్చటేస్తుంది. పట్టాల్లో కరెంటు దిశ సెకనుకు వేలసార్లు అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఒక మార్పుకూ తర్వాతి మార్పుకూ మధ్య 58 మైక్రోసెకన్లుంటే అది ఒకటి, 100 మైక్రోసెకన్లుంటే సున్నా. ఈ ఒకట్లూ సున్నాలతోనే ‘మూడో నంబరు ఇంజన్, ముందుకు, నెమ్మదిగా’ అన్న ఆజ్ఞ తయారవుతుంది. పట్టాల మీద పది ఇంజన్లున్నా ఆజ్ఞ అన్నిటికీ వినపడుతుంది, తన నంబరు విన్న ఇంజన్ మాత్రమే కదులుతుంది. కొత్త డీకోడర్ దాదాపు ఎప్పుడూ మూడో నంబరుతోనే వస్తుంది. డీకోడర్ అంటే ఇంజన్ కడుపులో కూర్చునే చిన్న సర్క్యూట్ బోర్డు. మోటారు, దీపాలు, ధ్వని మూడింటికీ పెద్ద అదే. సీవీలు అనే గడుల్లో అంకెలు మార్చి దాని స్వభావాన్ని మారుస్తారు. మూడో సీవీలో అంకె పెంచితే ఇంజన్ మెల్లగా వేగం పుంజుకుంటుంది, నాలుగో సీవీలో పెంచితే మెల్లగా ఆగుతుంది.

ఆ రెండు సీవీలనూ ధ్వనితో కలిపి దిద్దుకోవడంలోనే మోడలరు పనితనం తెలుస్తుంది. నిజం డీజిల్ ఇంజన్‌లో డ్రైవరు చేతికింద ఎనిమిది మెట్లుంటాయి, నాచ్‌లంటారు. నాచ్ పెంచితే ముందు ఇంజన్ గర్జన పెరుగుతుంది. జనరేటర్ ఆ బలాన్ని కరెంటుగా చక్రాల మోటార్లకు పంపాక బండి బరువుగా కదులుతుంది. గొంతు ముందు, కదలిక తర్వాత. మోడల్‌లో రెండూ ఒకేసారి జరిగితే ఎంత ఖరీదైన డీకోడర్ పెట్టినా బొమ్మలాగే ఉంటుంది. మంచి సౌండ్ డీకోడర్లలో గొంతు పెరిగేదాకా కదలికను ఆపి ఉంచే ఏర్పాటు ఉంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు.

ఇక అసలు గొంతు దగ్గరికి వద్దాం.

దక్షిణ భారతంలో డీజిల్ అనగానే రైలు అభిమానులకు గుర్తొచ్చే పేర్లలో గుత్తి షెడ్డు ఒకటి. మన కడపకు పక్క జిల్లాదే. గుత్తి షెడ్డు ఇంజన్లు ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా ఏళ్ల తరబడి తిరిగాయి. వాటిలో ముందుగా చెప్పుకోవలసింది డబ్ల్యూడీఎం-2. అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనా అది. 1962లో మొదటివి ఓడలో వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. 1969కల్లా ఆల్కో రైలింజన్ల తయారీ ఆపేసింది. కన్నతల్లి పోయినా బిడ్డ మన దేశంలో అరవై ఏళ్లు బతికింది. దాని తర్వాతి తరం డబ్ల్యూడీజీ-4, డబ్ల్యూడీపీ-4. జనరల్ మోటార్స్ వాళ్ల ఈఎండీ శాఖ నుంచి వచ్చిన నమూనాలవి.

కళ్లు మూసుకుని విన్నా ఈ రెండింటినీ వేరు చెయ్యొచ్చు. ఎందుకో లెక్కలోనే ఉంది. ఆల్కోలో 16 సిలిండర్లు, నాలుగు స్ట్రోకుల ఇంజన్. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 400 చుట్లు తిరుగుతుంది కాబట్టి సెకనుకు సుమారు 53 పేలుళ్లు. పూర్తి బలంతో 1000 చుట్ల దగ్గర సెకనుకు 133. ఈఎండీలోనూ 16 సిలిండర్లే, కానీ అది రెండు స్ట్రోకులది. ప్రతి చుట్టుకూ ప్రతి సిలిండరూ పేలుతుంది. పూర్తి బలంతో 904 చుట్ల దగ్గర సెకనుకు 241 పేలుళ్లు. చుట్లు తక్కువ, పేలుళ్లు ఎక్కువ. అందుకే ఆల్కో తడబడుతూ తడబడుతూ పొగ చిమ్ముతూ బయల్దేరినట్టుంటుంది, ఈఎండీ ఒకే బిగువున మోగుతుంది. ఆల్కో టర్బోచార్జర్ ఈల ఒకటి గర్జన పైన సన్నగా వినపడుతుంది. ఆ ఈల లేని ఆల్కో ధ్వని ఫైలు ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

ఒక ఉపాయం కూడా చెప్పాలి. డబ్ల్యూడీఎం-2లో ఉన్నది ఆల్కో 251 రకం ఇంజన్. అదే రకం ఇంజన్ అమెరికా రైళ్లలోనూ పనిచేసింది కాబట్టి అమెరికన్ మోడళ్ల కోసం చేసిన ఆల్కో 251 ధ్వని ఫైళ్లు మన ఇంజన్‌కు చాలా దగ్గరగా పలుకుతాయి. అయితే వాటితో పాటు గంట ధ్వని కూడా వస్తుంది. అమెరికాలో స్టేషన్ దగ్గరా రోడ్డు దాటేచోటా ఇంజన్ గంట కొడుతుంది. మన మెయిన్ లైను ఇంజన్లకు ఆ పద్ధతి లేదు, హారనే ఉంది. ఆ గంట బటన్‌ను తీసేసి అక్కడ కంప్రెసరో బ్రేకు గాలి చప్పుడో పెట్టుకోవడం మేలు.

హారన్ కూడా ఇష్టమొచ్చినట్టు కొట్టేది కాదు. రైల్వేలో దానికి భాష ఉంది. మూడు పొట్టి కూతలంటే గార్డును బ్రేకులు వేయమని అడగడం. (2022 నుంచి గార్డు పేరు ట్రైన్ మేనేజర్ అయింది.) నాలుగు పొట్టి కూతలంటే ప్రమాదం వల్లో చెడిపోవడం వల్లో బండి ముందుకు పోలేదని. లెవెల్ క్రాసింగ్ దగ్గరికి వస్తున్నప్పుడూ సొరంగంలోనూ ఒకే పొడుగు కూత. పట్టాల పక్కన పసుపు బోర్డు మీద హిందీలో ‘సీ/ఫా’ అని మీరు చూసే ఉంటారు. సీటీ, ఫాటక్. ముందు గేటుంది, కూత వెయ్యి అని డ్రైవరుకు గుర్తు. మోడల్ లేఅవుట్‌లో ఆ బోర్డు పెట్టి, అక్కడికి రాగానే సరైన పొడుగులో హారన్ కొడితే చూడటానికి వచ్చిన పిల్లలకు మొత్తం రైల్వే అర్థమవుతుంది.

ఆవిరి ఇంజన్ కావాలా? మన బ్రాడ్‌గేజి గూడ్సులకు ప్రధానమైనది డబ్ల్యూజీ తరగతి. 1950లో చిత్తరంజన్ కార్ఖానా నుంచి తొలి ఇంజన్ వచ్చింది, 1970లో ‘అంతిమ్ సితారా’ అనే పేరుతో ఆఖరిది. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజన్‌కు చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు ‘ఛుక్’లు పడాలి. డబ్ల్యూజీ పెద్ద చక్రం అడ్డకొలత అయిదడుగుల అంగుళంన్నర. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు రెండు చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు ఎనిమిది ఛుక్‌లు. మోడల్‌లో ఈ లెక్క తప్పితే వినేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. వెనకటికి చక్రానికి ఒక చిన్న కామ్ బిగించి, అది తగిలినప్పుడల్లా ధ్వని వచ్చేలా చేసేవారు. ఇప్పటి డీకోడర్ ఇంకో దారి పట్టింది. సెకనులో చిన్న ముక్కసేపు మోటారుకు కరెంటు ఆపేసి, తిరుగుతున్న మోటారు తానే పుట్టించే వోల్టేజీని కొలుస్తుంది. దాన్నిబట్టి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో పసిగట్టి ఛుక్‌లు వేస్తుంది.

కరెంటు ఇంజన్లకు గొంతేముంది అనేవాళ్లు ఎర్రగుంట్ల–ముద్దనూరు మధ్య రాయలసీమ థర్మల్ కేంద్రానికి బొగ్గు తెచ్చే బండిని ఒకసారి ఆగి వినాలి. నిలబడి ఉన్నప్పుడు బ్లోయర్ల హోరు, కదిలేటప్పుడు ఇన్వర్టర్ పాట. త్రీ ఫేజ్ ఇంజన్లలో, ముఖ్యంగా పాత డబ్ల్యూఏజీ-9లో, వేగం పెరిగేకొద్దీ ఆ పాట మెట్లు మెట్లుగా శ్రుతి మారుతుంది.

ఇప్పుడు స్పీకర్ సంగతి. హెచ్‌ఓ స్కేలు అంటే నిజానికి 87వ వంతు. అందులో డబ్ల్యూడీఎం-2 పొడుగు 20 సెంటీమీటర్లు. లోపల మోటారు, గేర్లు, బరువు పోగా స్పీకర్‌కు మిగిలేది వేలిగోరంత చోటు. మోడలర్లు వాడే ‘షుగర్ క్యూబ్’ స్పీకర్లు 11 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు కొలతలవి. సెల్‌ఫోన్ల కోసం పుట్టినవి. అంత చిన్న పొర సెకనుకు 53 సార్ల ఆల్కో మూల ధ్వనిని పలికించలేదు. అయినా మనకు ఆల్కో వినపడుతుంది! మూల ధ్వనితో పాటు దానికి రెండింతలు, మూడింతలు, పదింతల శ్రుతులు కూడా ఇంజన్‌లో పుడతాయి. పై శ్రుతులు చెవిన పడితే లేని అడుగు శ్రుతిని మెదడు తానే పూరించుకుంటుంది. అందుకే తెలిసినవాళ్లు ఫైలులో మరీ కింది శ్రుతులను ముందే కోసేస్తారు. స్పీకర్ పలకలేని ధ్వని మీద ఆంప్లిఫైయర్ బలం వృథా కాకూడదని.

స్పీకర్‌ను విడిగా అతికిస్తే మాత్రం సరిగ్గా వినపడదు. పొర ముందు గాలి నొక్కుకునే క్షణంలో వెనక గాలి సాగుతుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వెనకవైపు గాలి చొరని చిన్న పెట్టె తప్పదు. పెట్టె అంచుల్లో వెంట్రుకంత సందున్నా ధ్వని పలచబడుతుంది.

ఈ పనికి ప్రొద్దుటూరు కంటే మంచి ఊరు ఉంటుందా అనిపిస్తుంది. బంగారం వ్యాపారంతో రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఊరది. బంగారం పని చేసే వీధుల్లో వెంట్రుకంత తీగకు టంకం పెట్టగలిగిన చేతులున్నాయి. డీకోడర్ తీగలు అతకడానికి కావలసింది ఆ చూపు, ఆ నిలకడే. తేడా ఒక్కటి గుర్తుంచుకోవాలి. బంగారం టంకానికి వెలిగారం వాడతారు, వేడి కూడా చాలా ఎక్కువ. సర్క్యూట్ బోర్డు మీద వెలిగారం కానీ ఆమ్లం కానీ పనికిరాదు, ఆమ్లమయితే బోర్డును తినేస్తుంది. రోజిన్ ఉన్న సోల్డర్ వాడాలి. తగరం, సీసం కలిసిన మామూలు సోల్డర్ 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది.

ధ్వని ఎంత పెద్దగా ఉండాలి? మీటరు దూరం నుంచి హెచ్‌ఓ మోడల్‌ను చూడటమంటే నిజం ఇంజన్‌ను 87 మీటర్ల దూరం నుంచి చూసినట్టు. కాబట్టి అంత దూరంలో వినపడేంతే వినపడాలి. లెక్కగడితే ఇంజన్ పక్కనే మీటరు దూరంలో ఉండే చప్పుడు కంటే దాదాపు 39 డెసిబెల్‌లు తక్కువ. ప్రదర్శనల్లో అందరూ చేసే తప్పు శబ్దం పెంచేయడమే. నాలుగు ఇంజన్లు ఒకేసారి అరుస్తుంటే ఒక్కదాని గొంతూ తెలియదు.

పట్టాల చప్పుడును రికార్డు చేసి పెట్టక్కర్లేదు, మోడల్ పట్టాల అతుకుల దగ్గర అది తనంతట తానే వస్తుంది. మన పాత లైన్లలో పట్టా ముక్క పొడుగు 13 మీటర్లు. అలాంటి లైను మీద 47 సెకన్లలో ఎన్ని ‘దడక్’లు వినపడితే అదే గంటకు ఆ బండి వేగం, కిలోమీటర్లలో. పట్టాలను పొడుగ్గా వెల్డింగ్ చేసిన దారుల్లో ఈ లెక్క పనిచేయదు.

ఇంకో చిక్కుంది. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లు, అది విదేశాల 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోయే కొలత. 87వ వంతులో మన గేజి 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే మన ఇంజన్ మోడల్ సన్నకాళ్ల మీద నిలబడినట్టు కనిపిస్తుంది. దొరికే పట్టాలతోనే గేజి కుదరాలంటే నిజానికి వందో వంతు స్కేలులో కట్టుకోవాలి. అప్పుడు పట్టా దాదాపు సరిపోతుంది, ఇంజన్ కాస్త చిన్నదై స్పీకర్‌కు చోటు ఇంకా తగ్గుతుంది.

పట్టాల్లేవన్నానే, ఆ పులివెందుల వాళ్లకు నా సలహా ఒకటుంది. ముద్దనూరు నుంచి పులివెందుల మీదుగా ముదిగుబ్బకు లైను వేయాలన్న ప్రతిపాదన ఉంది. ముద్దనూరు పాత మద్రాసు–రాయచూరు లైను మీద, ముదిగుబ్బ ధర్మవరం–పాకాల లైను మీద ఉన్నాయి. ఈ రెండోది ఒకప్పుడు మీటరుగేజి. నిజం లైను వచ్చేలోగా బల్ల మీద ఆ లైనును కట్టొచ్చు. ఒక చివర ముద్దనూరులో బ్రాడ్‌గేజి ఆల్కో, ఇంకో చివర ముదిగుబ్బలో మీటరుగేజి వైపీ ఆవిరి ఇంజన్, మధ్యలో పులివెందుల స్టేషన్. మీటరుగేజికి హెచ్‌ఓ స్కేలులో 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి, ఆ పద్ధతికి హెచ్‌ఓఎం అని పేరు. ఇంత మంచి లేఅవుట్ అంశం జిల్లాలో ఇంకోటి నాకు తోచదు.

ఖర్చు ఎక్కువన్న మాట నిజమే. పేరున్న సౌండ్ డీకోడర్లు జర్మనీ, ఆస్ట్రియా, అమెరికాల నుంచి రావాలి. కానీ మొదలుపెట్టడానికి అవే అక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు తెలిసిన డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న బోర్డు మెమరీ కార్డులోంచి ధ్వని ఫైళ్లు పలికిస్తుంది. దానికి ఈఎస్‌పీ32 చిప్పు జతచేస్తే ఫోనులోంచే హారన్ కొట్టొచ్చు. నాచ్ మారేటప్పుడు ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు మారే చోట అతుకు వినపడుతుంది, అదొక్కటే దాని లోపం. ఫోమ్ షీటుతో పెద్ద స్కేలులో కట్టిన ఇంజన్‌లో చోటు కూడా బోలెడు. మంచి స్పీకరే పడుతుంది.

రికార్డింగ్ ఎలా? పట్టాల మీదికి పోకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశానికి ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. టికెట్ కొని ప్లాట్‌ఫారం మీద నిలబడండి, గేటు దగ్గరయితే గేటు బయట. స్టేషన్ వాళ్లకు ముందే ఒక మాట చెప్పండి. ఫోనుతో రికార్డు చేస్తే అది పెద్ద ధ్వనిని తనంతట తానే తగ్గించి, చిన్న ధ్వనిని పెంచేస్తుంది. దాంతో నాచ్‌ల మధ్య తేడా చచ్చిపోతుంది. శబ్దం స్థాయిని చేత్తో నిలిపి ఉంచే యాప్ కానీ, చిన్న రికార్డర్ కానీ వాడాలి. మైకుకు గాలి తగలకుండా స్పాంజి తొడగాలి. నిలబడి ఉన్నప్పుడు కనీసం రెండు నిమిషాలు, బయల్దేరడం మొత్తం, హారన్ వేరుగా, కంప్రెసర్ వేరుగా, బ్రేకు గాలి వదిలే చప్పుడు వేరుగా తీసుకోండి. ఎంపీ3లో కాకుండా వేవ్ ఫైలుగా దాచండి. ఫైలు పేరులోనే ఇంజన్ పక్కన రాసి ఉండే నంబరు, షెడ్డు పేరు, స్టేషన్, తేదీ, బండి గూడ్సా ప్యాసింజరా అన్నది రాసిపెట్టండి.